షెడ్డులోంచి మొదట వచ్చినది

మా అత్తగారు మార్తమ్మకి అబద్ధమాడడం చేతకాదు. కారు నడపడం అంతకన్నా చేతకాదు. అయినా వరద వచ్చిన ఏడు చలికాలంలో ఆవిడ ఆ రెండూ చేసిందని యానాంలో సగంమంది ఇప్పటికీ అనుకుంటారు. కారు నడిపిందనుకోవడం వాళ్ళ పొరపాటు. అబద్ధం సంగతి మాత్రం నేనే చెప్పాలి. ఎందుకంటే అందులో నాకూ వాటా ఉంది.

ఎనభై ఆరు ఆగస్టులో గోదారి పొంగి, యానాం శివారు అడవిపొలంలో మా మట్టిగోడల ఇంటిని ఆనవాలు లేకుండా చేసి పోయింది. మాకు మిగిలింది రోడ్డు పక్కన కాస్త మెరక మీదున్న మా ఆయన ప్రకాశరావు మెకానిక్ షెడ్డు, అందులో ఒక పాత కారు, నా కుట్టుమిషను, నా కడుపులో రెండు నెలల నలుసు. ఈ లెక్క ఒకసారి పైకి అంటే, తనని అందులో కలపలేదని మా అత్తగారు ఒక పూటంతా అన్నం ముట్టలేదు. షెడ్డు మధ్యలో ఒక పాత చీర కట్టి, ఇవతల మేము, అవతల కారు కాపురం పెట్టాం.

ఆ కారు అలాంటిలాంటి కారు కాదు. అమెరికాది. ఫోర్డ్ మస్టాంగ్, అరవై ఎనిమిది నాటిది. విశాఖపట్నంలో పనిచేసిన ఎవరో అమెరికా ఇంజనీరు ఓడలో తెచ్చుకుని, దేశం వదిలి వెళ్తూ అమ్మేశాడట. చేతులు మారి మారి, చివరికి కాకినాడలో ఒక బియ్యం గోడౌనులో కోళ్ళు గుడ్లు పెట్టుకునే స్థితికి వచ్చాక మా ఆయన కంట్లో పడింది. వరదకి రెండేళ్ళ ముందే దాన్ని లారీ మీద వేయించుకొచ్చాడు. పడవల ఇంజన్లు బాగుచేయగా మిగిలిన టైమంతా దాని కిందే పడుకుని ఉండేవాడు. సామాన్ల కోసం మద్రాసు పాత ఇనుము బజారుకి ఏడుసార్లు వెళ్ళొచ్చాడు. కొత్తదానిలా చేసి అమ్మితే పక్కా ఇల్లు కట్టుకోవచ్చనేవాడు. వరదకి ముందు ఆ మాట వింటే నాకు నవ్వొచ్చేది. వరద తర్వాత నవ్వు పోయింది, ఆ మాటే మిగిలింది.

"అమెరికాలో వీటిని కండల కార్లంటారంటమ్మా. ఎనిమిది సిలిండర్లు," అని వాళ్ళమ్మకి చెప్పేవాడు.

"దానికి కండలొచ్చాయి గానీ, నీ ఒంటి మీద ఎముకలు తప్ప ఏటీ మిగల్లేదురా," అనేది ఆవిడ.

ముందు జాలీ మీద పరిగెత్తే గుర్రం బొమ్మ ఉండేది. అందుకని ఊళ్ళో దాని పేరు గుర్రం కారు.

నీళ్ళు తీసిన మూడో వారం మా పాస్టరు గారు గుడి జనరేటరుని తోపుడుబండి మీద పంపించారు. వరదలో అది కడుపునిండా బురద తాగింది. ఆదివారానికి మైకు పలకాలని ఆయన కబురు. ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనబడుతున్న రోజులవి. ఊరికే చేసే పని ముందేసుకున్నాడని నేను సణిగాను.

"దేవుడి పనే," అన్నాడు మా ఆయన తల ఎత్తకుండా.

"దేవుడి పనైతే ఆయిలు కూడా దేవుడే పోస్తాడా?"

ఇలాంటి మాటకి మా అత్తగారు మామూలుగా నన్ను చీపురు తిరగేసి కొట్టినంత పని చేస్తుంది. ఆ రోజు ఏమీ అనలేదు. ఎదురుగా చూరు కింద కూర్చుని, తడిసిన పాటల పుస్తకం కాగితాలు ఒక్కొక్కటీ ఎండలో పరిచి, ఎగిరిపోకుండా గులకరాళ్ళు పెడుతోంది. చేతులు కాగితాల మీదున్నాయి, చూపు మాత్రం షెడ్డు గుమ్మం మీదే ఉంది.

శనివారం పొద్దున జనరేటరు మోగింది. దాన్ని తోపుడుబండికెక్కించి మా ఆయన ముందు లాగితే, నేను వెనక నుంచి తోశాను. వరదకి ముందే విప్పి నేల మీద పెట్టడంతో బురద పట్టిన కారు బోనెట్టుని కూడా ఆ పొద్దున్నే బయటపెట్టి కడిగి, గోడకి ఆనించాం. ఇంతలో మా అత్తగారు కళ్ళు తిరుగుతున్నాయని చెప్పి లోపలికి వెళ్ళి చాప మీద పడుకుంది. ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ ఇచ్చాను. తాగలేదు. గోడవైపు తిరిగి పడుకుంది.

అక్టోబరు ఆఖర్లో కారు ఇంజను మొదటిసారి మోగింది. షెడ్డు రేకులన్నీ దడదడలాడాయి. సరిగ్గా అప్పుడే నా కడుపులో బిడ్డ కదిలింది. అదిరింది రేకులో, నా పేగులో తెలియక నేను ఏడ్చేశాను. మా ఆయన ఇంజను బాగుపడినందుకే ఏడుస్తున్నాననుకుని తనూ కళ్ళు తుడుచుకున్నాడు. నేను ఆ భ్రమ పోగొట్టలేదు.

డిసెంబరు మొదటి వారానికి అంతా అయింది. లప్పం పెట్టి రుద్ది, మళ్ళీ పెట్టి రుద్ది, చివరికి పండుమిరప రంగు కొట్టాడు. సీట్లు నేను కుట్టాను. నల్ల రెగ్జిను. పద్దెనిమిది సూదులు విరిగాయి. మా షెడ్డులో అలాంటి వస్తువు ఉందంటే, పెళ్ళికూతురు తప్పిపోయి మా ఇంటికొచ్చినట్టుండేది.

కబురు పాకింది. మొదట కాకినాడ నుంచి ఒక మిల్లు యజమాని వచ్చాడు. కారు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. లోపల కూర్చుని, దిగి, మళ్ళీ కూర్చున్నాడు. ముఖం నిండా నవ్వు. జేబులోకి చెయ్యి పోనిచ్చేటప్పటికి మా అత్తగారు ఎక్కడి నుంచి వచ్చిందో, తెల్లచీర కొంగు నెత్తి మీద వేసుకుని, ఖాళీ బిందె చంకనపెట్టుకుని సరిగ్గా ఆయనకి ఎదురొచ్చింది. వచ్చింది వచ్చినట్టు ఒక తుమ్ము తుమ్మింది.

ఆ జేబులోని చెయ్యి జేబులోనే ఉండిపోయింది. "మంచిరోజు చూసుకుని వత్తానండి," అని ఆయన వెళ్ళిపోయాడు.

మాకా శకునాల పట్టింపు లేదు. పిల్లి ఎదురైతే అది ఎలకల కోసం వెళ్తోందని నవ్వే మనిషి ఆవిడ. మరి ఆ బిందె దేనికో! మా బోరింగు షెడ్డు వెనక ఉంటే, బిందె పట్టుకుని ముందుకెందుకు వచ్చిందో!

పది రోజులకి ఏటి అవతల నుంచి ఒక కొబ్బరి వ్యాపారి పంటు మీద ఏరు దాటి వచ్చాడు. తుమ్ములకీ బిందెలకీ జంకే మనిషి కాదు. బోనెట్టు ఎత్తి చూశాడు, కింద దూరి చూశాడు. "వరదలో మునగలేదు కదండీ?" అని అడిగాడు.

"చక్రం సగం దాకా వచ్చాయండి నీళ్ళు, అంతకి మించి రాలేదు," అన్నాడు మా ఆయన. అది నిజం.

మూల కూర్చుని చింతపండు గింజలు తీస్తున్న మా అత్తగారు తల ఎత్తి, "ఏటి సక్రం సగం? టాపు దాకా ములిగింది బాబూ. ఎనకాల సీట్లో మేం బొమ్మిడాయిలు పట్టుకున్నాం," అంది.

మా ఆయన నోరు తెరిచింది తెరిచినట్టే ఉంది. వ్యాపారి నా ముఖం చూశాడు. నేనేం చెప్పను? అత్తగారు అబద్ధం ఆడుతోందని పరాయివాడి ముందు కోడలు ఎలా అంటుంది? ఆయన పంటెక్కి వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నం నేను ఆగలేకపోయాను. "అత్తయ్యా, మీకు ఇల్లొద్దాండి?"

"కావాలే. ఎందుకొద్దు?"

"మార్చిలో నాకు నొప్పులొస్తాయి. ఈ ఇనప సామాన్ల మధ్య కనమంటారా?"

"ప్రెబువు పశువుల పాకలో పుట్టలేదేటే?"

"ఆయన పుట్టినచోట గ్రీజు వాసన లేదు కదండీ!"

ఆవిడ నా మీద కేకలేస్తుందని ఒళ్ళు బిగబట్టుకున్నాను. కేకలెయ్యలేదు. గబగబా కళ్ళు ఒత్తుకుని, "నన్నేటీ అడగమాకే హన్నా," అని చింతపండు బుట్ట పట్టుకుని బయటికి పోయింది.

నాకు పిచ్చెక్కినట్టయింది. ఇల్లు కావాలంటుంది, ఇల్లు రావలసిన దారిలో అడ్డంగా పడుకుంటుంది. కొత్తింట్లో తనని మూలకి తోస్తానని భయమా? కొడుకు రెండేళ్ళు కష్టపడిన వస్తువు పరాయివాళ్ళ పాలవుతుందని బాధా? లేక వరద చూసి మతి చలించిందా? రోజుకో కారణం అనుకునేదాన్ని. సాయంత్రానికి అది కాదనిపించేది. మా ఆయనని అడిగితే గ్రీజు చేత్తోనే తల గోక్కుని, "అమ్మకి పెద్దతనం వచ్చేసింది," అనేవాడు. చిన్నప్పటి నుంచీ ఆవిడకి అర్థంకాని పని చేస్తే ఆయన చెప్పే కారణం అదేనట.

జనవరిలో మెట్టకూరు బ్రాందీ షాపు ఉమామహేశ్వరం గారు వచ్చారు. ఆ రోజు మా అత్తగారు అగ్రహారంలో స్త్రీల ప్రార్థన కూటానికి వెళ్ళింది. అదృష్టమనే అనుకున్నాను, దేవుడు నన్ను క్షమించాలి.

"లీటరుకి ఎంతిత్తాదండీ ప్రకాశరావుగారూ?"

"నాలుగు కిలోమీటర్లండి."

"ఆయ్, బాగుంది! నా షాపుకొచ్చేవోళ్ళ కన్నా ఎక్కువ తాగుతాదన్నమాట." ఆయన పగలబడి నవ్వారు. "పర్లేదండి. నేను తిరగడానికి కాదు. షాపు ముందు నిలబెడతాను. దీన్ని చూడ్డానికొచ్చినోడు ఊరికే పోడు కదండీ."

అరగంటలో బేరం కుదిరింది. జనవరి ఆఖరి సోమవారం కారు అప్పగించాలి. ఆ ముందు రోజు ఆదివారం మా గుడిలో కోత పండుగ.

సంగతి తెలిశాక మా అత్తగారు రాద్ధాంతం చేస్తుందనుకున్నాం. గుమ్మంలో నిలబడే విన్నది. చెప్పులు విప్పడం కూడా మర్చిపోయింది. "సరేరా. ఆదివారం ఓసారి గుడికాడికి తీసుకురా కారు. పార్దన సేయిద్దాం," అంది. మా ఆయన నావైపు చూసి గెలిచినట్టు కళ్ళెగరేశాడు. నాకు మాత్రం గుండె కుదుటపడలేదు. ఆవిడ అంత తేలిగ్గా ఒప్పుకుంటే నేను కోడలిగా పదకొండేళ్ళు ఏం నేర్చుకున్నట్టు?

ఆదివారం ఇద్దరు మనుషులు మోసేంత గుమ్మడికాయ, కొబ్బరికాయలు వెనక డిక్కీలో వేసుకుని బయల్దేరాం. ఏడో నెల దాటిన నా కడుపు ముందు సీట్లో పట్టలేదు కాబట్టి నేను వెనక కూర్చున్నాను. అత్తగారు ముందు కూర్చుంది, ఒళ్ళో కాళ్ళు కట్టిన కోడిపెట్టతో. అమెరికా కారుకి స్టీరింగు ఎడమవైపు ఉంటుంది. మన కార్లలో డ్రైవరు కూర్చునే చోట మా అత్తగారు కొంగు కప్పుకుని, కోడిని పట్టుకుని, ముఖం గంటు పెట్టుకుని కూర్చుని ఉంది. కారు మాత్రం పెద్ద మోతతో పోతోంది. ఎదురుగా సైకిలు మీద వస్తున్న ఒకాయన అది చూసి నేరుగా కాలవగట్టు దిగిపోయాడు. గుడి దగ్గర సంఘపెద్ద సుందరరావు గారు రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నారు.

"మార్తమ్మా! ఎప్పుడు నేర్సుకున్నావే?"

ఊరంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు.

ఆరాధన అయ్యాక పందిట్లో వేలం మొదలైంది. కోత పండుగనాడు ఎవరి పంటలో, ఎవరి కష్టంలో మొదటిది వాళ్ళు దేవుడికి తెస్తారు. దాన్ని వేలం వేస్తారు. పాడుకున్నవాడు తీసుకుపోవచ్చు, కానీ చాలామంది తీసుకుపోరు. "మళ్ళీ దేవుడికే," అని తిరిగి బల్ల మీద పెట్టేస్తారు, మళ్ళీ వేలం. మా గుమ్మడికాయని అలా నలుగురు కొన్నారు, నలుగురూ తిరిగిచ్చేశారు. బల్ల మీద పెట్టినదాన్ని మాత్రం తెచ్చినవాళ్ళు మళ్ళీ ముట్టుకోకూడదు. అది దేవుడిది అయిపోయినట్టే. సుందరరావు గారు మైకులో ఒకటోసారి, రెండోసారి అంటుంటే వెనక గోడ దగ్గర జనరేటరు డుగడుగమంటోంది.

మా ఆయన మగాళ్ళ వైపు కారు గురించి చెబుతూ నిలబడ్డాడు. తాళం ఆయన దగ్గర లేదు. దిగగానే వాళ్ళమ్మ అడిగి తీసుకుంది. నేను అత్తగారి కోసం చూశాను. చేతిలో పళ్ళెం పట్టుకుని వరసలో నిలబడి ఉంది. పళ్ళెంలో కోడి. కోడి పక్కన చామంతిపువ్వు. పువ్వు కింద కారు తాళం.

నాకు ఒక్కక్షణం ఏమీ అర్థం కాలేదు. కారునే దేవుడి బల్ల మీద పెట్టబోతోందని అప్పుడు తట్టింది. ఆవిడకి ముందు ఇద్దరే ఉన్నారు. వెళ్ళి చెయ్యి పట్టుకుని, పళ్ళెంతో సహా గుడి వెనక్కి లాక్కుపోయాను.

"ఏంటత్తయ్యా ఇది?" జనరేటరు మోతలో అరవాల్సి వచ్చింది.

"మొక్కు," అంది ఆవిడ కూడా అరిచి. ఆ తర్వాత ఆవిడ గొంతు తగ్గింది, నేను చెవి దగ్గర పెట్టి విన్నాను. "వరదలో ఆడు పడవేసుకెళ్ళి రెండ్రోజులు కనబళ్ళేదు గదే. మనం బడి మేడ మీదున్నాం. నువ్వేడుత్తన్నావు. నేను మొక్కుకున్నాను. నా కొడుకుని తెచ్చియ్యి ప్రెబువా, నీళ్ళు తీశాక ఆడి సెడ్డులోంచి మొదట ఏదొత్తే అది నీదే అన్నాను. ఏ పాత పంపో వత్తాదనుకున్నానే. కారొచ్చింది."

"ఆయనకి చెప్పొచ్చు కదండీ!"

"ఏటని సెప్పను? రెండేళ్ళు దాని కింద పడున్నోడికి, నీ కారు నీది కాదు, దేవుడిది అని ఏ నోటితో సెప్పను? అమ్మనిత్తే దేవుడికి ద్రోహం. ఆపితే నీకు." ఆవిడ చూపు నా కడుపు మీద పడింది. "ఇన్నాళ్ళూ సచ్చాననుకో."

రెండు నెలల అయోమయం ఒక్కసారిగా తీరింది. దాని చోట ఇంకోటి వచ్చి కూర్చుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మొక్కు మొక్కే. ఆ మొక్కు వల్లనే నా మొగుడు బతికొచ్చాడేమో, నేనెవర్ని కాదనడానికి? కానీ ఇల్లు? తూలిపోకుండా పక్కనున్న దాని మీద చెయ్యి ఆనించాను. చెయ్యి చురుక్కుమంది. జనరేటరు.

"అత్తయ్యా, మొదట వచ్చింది కారు కాదండి," అన్నాను. "ఇది."

ఆవిడకి వినబడలేదనుకుని మళ్ళీ చెప్పాను. "సెప్టెంబరులో, శనివారం. తోపుడుబండి మీద. వెనక నుంచి తోసింది నేనేనండి. అప్పట్నుంచీ ఇక్కడే ఉంది, దేవుడి దగ్గరే. మీ మొక్కు ఎప్పుడో తీరిపోయిందండి."

ఆవిడ జనరేటరుని చూసింది. తర్వాత నన్ను చూసింది. అంతసేపు ఎవరూ నన్ను అలా చూడలేదు.

"నీ కళ్ళతో సూశావా? ఇదే ముందొచ్చిందా?"

"చూశానండి."

"గుడి గోడ పక్కన నిలబడి సెప్తన్నావు హన్నా."

"చూశానండి."

పువ్వు పక్కకి జరిపి, తాళం తీసి నా అరచేతిలో పెట్టి వేళ్ళు మూసింది. కోడిని సర్దుకుని పందిట్లోకి వెళ్ళిపోయింది. ఆ కోడిని ముగ్గురు పాడుకుని ముగ్గురూ తిరిగిచ్చారని తర్వాత చెప్పారు. నేను చూడలేదు. కాలిన చేతిని కుళాయి కింద పెట్టుకుని నిలబడ్డాను.

సోమవారం కారు వెళ్ళిపోయింది. ఎడమవైపు స్టీరింగు ఉమామహేశ్వరం గారికి చేతకాదు. మా ఆయనే మెట్టకూరు దాకా నడిపి, షాపు ముందు నిలబెట్టి, నడిచి తిరిగొచ్చాడు. వచ్చి షెడ్డులో ఖాళీ అయిన చోట చాలాసేపు కూర్చున్నాడు. ఆయనకి ఏడుపొస్తోందని తెలిసి అన్నం పెట్టాను. ఆ పూట చీర తెర విప్పి మడతపెడుతుంటే నాకు గుర్తొచ్చింది, బోనెట్టు.

ఆ శనివారం బోనెట్టు కూడా బయటికొచ్చింది. జనరేటరుని తోస్తున్నప్పుడు అది అప్పటికే గోడకి ఆనించి ఉందా? బండి వెళ్ళాక తెచ్చి పెట్టామా? కళ్ళు మూసుకుంటే ఒకసారి బండి వెనక వంగి ఉన్న నాకు పక్కన ఎర్రమట్టి కారుతున్న రేకు కనబడుతుంది. ఇంకోసారి ఆ గోడ ఖాళీగా కనబడుతుంది. నేను అబద్ధం ఆడానా, నిజం చెప్పానా? మా ఆయనని అడిగితే తేలిపోయేది. ఆయన ఎదురుగానే ఉన్నాడు. నేను అడగలేదు.

మార్చిలో, సున్నం కూడా వెయ్యని కొత్త గోడల మధ్య మా అమ్మాయి పుట్టింది. గ్రీజు వాసన లేదు. తడి సిమెంటు వాసన. మా అత్తగారు దాన్ని మొదట ఎత్తుకుని, "ఈసారి నన్ను లెక్కలో కలిపావా?" అంది. కలిపానన్నాను.

ఆ తర్వాత ఏడాది కోత పండుగ వచ్చింది. ఆవిడ పొద్దున్నే లేచి, పెరట్లో రెండు పెట్టలకి కాళ్ళు కడుతోంది. మాకు ఎప్పుడూ ఒక్క కోడే.

"రెండోది ఎందుకత్తయ్యా?"

ఆవిడ ముడి బిగించి లేచింది. నడుము పట్టుకుని నిలబడింది. ఆ సెప్టెంబరులో చూరు కింద కూర్చుని షెడ్డు గుమ్మం చూసినట్టే, నావైపు చూసింది.

"బోనెట్టుకి," అంది.

ఆ రోజు గుడి వెనక ఆవిడ కారొచ్చిందన్నది దాన్ని చూసేనన్నమాట. అప్పట్నుంచి ఆవిడ పోయేదాకా ప్రతి కోత పండుగకీ మా ఇంటి నుంచి రెండు కోళ్ళు వెళ్ళేవి. ఇప్పుడు ఆ రెండోదాన్ని నేను పెంచుతున్నాను.